ప్రయోగశాలలో అద్దెకున్న మనిషి: కాటలిన్ కారికో ఆత్మకథపై విమర్శ

శాస్త్రజ్ఞులు వ్రాసికొన్న ఆత్మకథలలో సాధారణముగా ఒక్క సంగతి మాత్రము కనబడదు. వారి జీతము ఎవరిచ్చినారు, ఎన్నాళ్ళకని యిచ్చినారు, ఏ షరతు మీద ఇచ్చినారు అన్నది. ప్రయోగశాల తలుపు తెరచుటతో కథ మొదలగును. ఊహ, ప్రయోగము, నిరాశ, మరల ప్రయోగము, కట్టకడపట ఒక సన్మానము. ఈ నడుమ ఇంటి అద్దె ఎట్లు చెల్లినదో పాఠకునికి తెలియనే తెలియదు. కాటలిన్ కారికో వ్రాసిన ‘బ్రేకింగ్ త్రూ: మై లైఫ్ ఇన్ సైన్స్’ అను గ్రంథము ఈ విషయమున వేరు. దీనిని చదివినవారికి వార్తాహర ఆర్. ఎన్. ఏ. గురించి కొంత తెలియును. అమెరికా వైద్య కళాశాలలలో అణుజీవశాస్త్ర పరిశోధకుని ఉద్యోగ మనగా ఏమో అంతకంటె ఎక్కువ తెలియును. విశ్వవిద్యాలయములో చేరి పరిశోధన చేయవలెనని ఉవ్విళ్ళూరుచున్న మన ఎం. యస్సి. విద్యార్థులు ఈ రెండవ భాగము కొరకే దీనిని చదువవలెను. అట్లని రచయిత్రి చేసిన తీర్పులన్నిటికి తల ఊపవలసిన పనిలేదు.

గ్రంథము 2023 అక్టోబరులో వెలువడినది. ఆ నెల 2వ తేదీననే కారికోకును, ఆమె సహచరుడైన డ్రూ వైస్మన్‌కును కలిపి వైద్యశాస్త్రమున నోబెల్ బహుమతి ప్రకటింపబడినది. అనగా పుస్తకము వ్రాసి అచ్చునకు ఇచ్చునాటికి ఆ బహుమతి లేదు. ఇది గ్రంథమునకు మేలే చేసినది. బహుమతి చేతికి వచ్చిన పిమ్మట వ్రాసినచో ప్రతి అవమానమును అటువైపు వేసిన మెట్టుగా కనబడి యుండెడిది. అయినను కోవిడ్ టీకాల విజయము అప్పటికే జరిగియున్నది గనుక ఆ దోషము బొత్తిగా తప్పినదని చెప్పలేము.

కారికో 1955 జనవరి 17న హంగరీలోని సోల్నోక్‌లో జన్మించి, కిషూయ్‌సాల్లాష్ అను చిన్న ఊరిలో పెరిగినది. తండ్రి మాంసపు పనివాడు. ఇంటికి కుళాయి లేదు. తండ్రి పందిని కోసి అవయవములను విడదీయుచుండగా భయపడక దగ్గర నిలిచి చూచిన పిల్ల ఆమె. పుస్తకములోని ఈ మొదటి భాగము వర్ణనకు పెట్టినది పేరు. రచనగా చూచినచో మిగిలిన భాగములు దీనికి సాటిరావు. ఆ వయసులోనే హాన్స్ సెల్యే వ్రాసిన, మానసిక ఒత్తిడిని గురించిన గ్రంథము ఆమె చేతబడినది. మన చేతిలో లేనిదానికి వగవక, చేతిలో నున్నదానిని చేయవలెనని ఆమె దానినుండి నేర్చుకొన్నది. ఈ సూత్రము పుస్తకమంతట శ్రుతివలె వినబడుచుండును. దీనితో నాకు కొంత పేచీ కలదు, అది తరువాత.

సెగెడ్ విశ్వవిద్యాలయమునుండి 1982లో డాక్టరేటు పొంది, ఆ ఊరిలోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రములో పనిచేయుచుండగా 1985లో ఆమె పనికి డబ్బు ఆగిపోయినది. భర్త బేలా ఫ్రాన్సియాతోను, రెండేండ్ల కుమార్తెతోను ఆమె ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయమునకు బయలుదేరినది. కారు అమ్మగా వచ్చిన సొమ్మును 900 పౌనులుగా మార్చి, పిల్ల ఆడుకొను ఎలుగుబంటి బొమ్మలో కుట్టి తీసికొనిపోయిన ఉదంతము పత్రికలలో పలుమార్లు వచ్చినది. అది ముచ్చటైన కథయే. కాని నాకు అంతకంటె ముఖ్యముగా తోచినది టెంపుల్‌లో జరిగిన మరియొక సంగతి. 1988లో ఆమెకు జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమునుండి పిలుపు వచ్చినది. తాను పనిచేయుచున్న ప్రయోగశాల అధిపతి రాబర్ట్ సుహదోల్నిక్ దానిని సహింపక, తనను దేశమునుండి పంపివేయించుటకు పూనుకొన్నాడని ఆమె వ్రాసినది. హాప్‌కిన్స్ ఉద్యోగము చేజారినది. బెథెస్డాలోని సైనిక వైద్య విశ్వవిద్యాలయములో ఆమె తాత్కాలికముగా తలదాచుకొనవలసి వచ్చినది.

ఇక్కడ మనకు వినబడునది ఒక పక్షమే. రెండవ పక్షము చెప్పుటకు ఆ అధిపతి నేడు లేడు. అందుచేత వ్యక్తిని గురించి తీర్పు చెప్పక, ఏర్పాటును మాత్రము చూతము. డాక్టరేటు పిమ్మట పరిశోధన చేయుటకు పరదేశమునుండి వచ్చిన మనిషికి జీతము, ఆ దేశమున నిలుచుటకు అనుమతి, రేపటి ఉద్యోగమునకు కావలసిన సిఫారసు ఉత్తరము, ఈ మూడును ఒక్క మనిషి చేతిలో నుండును. ఆ మనిషి మంచివాడైనచో బ్రతుకు సుఖముగా సాగును. కానిచో అతనిపై చెప్పుకొనుటకు తావులేదు. కారికో దీనిని తన దురదృష్టముగా చెప్పి ముందుకు సాగినది. ఇది దురదృష్టము కాదు, ఏర్పాటు. హైదరాబాదునుండియు, విశాఖపట్టణమునుండియు ఏటేట ఆ ప్రయోగశాలలకు పోవుచున్న మన యువకులు తెలిసికొనవలసిన మొదటి పాఠము ఇదియే.

1989లో ఆమె పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో, హృద్రోగ వైద్యుడు ఎలియట్ బార్నథన్ వద్ద చేరినది. పదవి పేరు పరిశోధక సహాయాచార్యులు. ఆచార్య శబ్దము చూచి మనము మోసపోరాదు. అమెరికాలో స్థిరపదవికి దారితీయు సహాయాచార్యులు వేరు, ఈ పరిశోధక సహాయాచార్యులు వేరు. మొదటివారికి కొన్ని సంవత్సరముల పరీక్షాకాలము ముగిసిన తరువాత, తగినవారని తేలినచో, తీసివేయరాని పదవి లభించును. రెండవవారికి ఆ దారి లేదు. వారి జీతములో హెచ్చుభాగము బయటినుండి, ముఖ్యముగా జాతీయ ఆరోగ్య సంస్థలు ఇచ్చు గ్రాంటులనుండి, వారే సంపాదించి తేవలెను. ఆ గ్రాంటుపై విశ్వవిద్యాలయము భవనము, విద్యుత్తు, కార్యాలయపు ఖర్చులని మరికొంత వేరుగా రాబట్టుకొనును. సూటిగా చెప్పినచో విశ్వవిద్యాలయము పరిశోధకునికి జీతము నిచ్చుట లేదు. పరిశోధకుడే విశ్వవిద్యాలయమునకు అద్దె యిచ్చుచున్నాడు. తరువాతి కాలమున తన విభాగాధిపతి ప్రయోగశాల నేల చదరపు అడుగొక్కింటికి ఎన్ని డాలర్ల గ్రాంటు వచ్చుచున్నదో లెక్క అడిగెడివాడని కారికో చెప్పినది. మన యూళ్ళలో సంతవీధి దుకాణమునకు వేయు లెక్క ఇదే.

ఇట్టి ఉద్యోగములో నున్న మనిషి ఏ సమస్యను ఎన్నుకొన్నదో చూడవలెను. జీవకణములో డి. ఎన్. ఏ.లో నున్న సమాచారమును ప్రోటీనులు తయారగు చోటికి మోసికొనిపోవు అణువే వార్తాహర ఆర్. ఎన్. ఏ. దీని ఉనికి 1961లో స్థిరపడినది. దీని ఆయుర్దాయము బహు స్వల్పము. పనికాగానే కణమే దీనిని చీల్చివేయును. పరీక్షనాళికలో దీనిని కోరినట్లు తయారుచేయుట 1980 దశకము నడుమ సాధ్యమైనది. అట్లు చేసిన ఆర్. ఎన్. ఏ.ను కణములోనికి పంపినచో కణము మనము కోరిన ప్రోటీనును తానే తయారుచేసికొనును గదా, దానినే మందుగా వాడవచ్చును గదా అన్నది ఆమె ఊహ. ఊహ సులభమే. కాని ఆ రోజులలో అందరి దృష్టియు జన్యుచికిత్సపై నుండెను, డి. ఎన్. ఏ. నిలుకడగలది, ఆర్. ఎన్. ఏ. చేయి తగిలినంతనే చెడునది. గ్రాంటు దరఖాస్తులను పరిశీలించు మండలిలో కూర్చుండు పండితులు ఆ రంగములోని వారే. వారికి నమ్మకము లేనిదానికి డబ్బు రాదు. ఆమె దరఖాస్తులు ఒకదాని వెనుక ఒకటి తిరిగివచ్చినవి.

ఆ పండితులు మూర్ఖులని పుస్తకము చదివినవారికి తోచును. ఇది న్యాయము కాదు. ఆమె తయారుచేసిన ఆర్. ఎన్. ఏ. నిజముగానే ఒక పెద్ద చిక్కు తెచ్చుచుండెను. బయటినుండి వచ్చిన ఆర్. ఎన్. ఏ.ను చూడగానే రోగనిరోధక కణములు శత్రువు వచ్చినదని వాపు పుట్టించెడివి. ఆ చిక్కు విడనంతవరకు ఇది మందు కాజాలదు. సందేహించినవారి సందేహమునకు ఆధారము లేకపోలేదు. తప్పు సందేహమునందు లేదు; సందేహము కలిగినంతనే మనిషి జీతము ఆగిపోవు ఏర్పాటునందు ఉన్నది. ఈ రెండింటిని విడదీసి చూపుట రచయిత్రి చేయవలసిన పని. ఆమె అంతగా చేయలేదు.

1995 అధ్యాయము పుస్తకమునకు గుండెకాయ వంటిది. గ్రాంటు లేదు గనుక పదవి విడిచిపెట్టుము, లేదా క్రింది పదవికి దిగుము అని చెప్పినారు. అదే కాలమున ఆమెకు క్యాన్సరు అనుమానము. భర్త వీసా చిక్కువలన హంగరీలో ఆగిపోయియున్నాడు. ఆమె క్రింది పదవికే దిగినది. అరుపులు, శాపనార్థములు లేకుండ, రోజువారీ లెక్క చెప్పినట్లు ఆమె దీనిని చెప్పిన తీరు మెచ్చదగినది. మరునాడు ఉదయము ప్రయోగశాలలో ఏమి చేయవలసి యున్నది అన్నదే ఆమె ధ్యాస.

రెండేండ్లకు, 1997లో, జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేసి పెన్సిల్వేనియాకు కొత్తగా వచ్చిన రోగనిరోధక శాస్త్రజ్ఞుడు వైస్మన్‌తో పరిచయమైనది. పత్రికలలోని వ్యాసములను నకలు తీయు యంత్రము వద్ద వంతుకై నిలిచి ఇద్దరును మాటలలో పడినారట. ఇద్దరును కలిసి ఆ వాపు చిక్కును పట్టినారు. కణములో సహజముగా నుండు ఆర్. ఎన్. ఏ.లు అన్నియు వాపు పుట్టింపవు. అమైనో ఆమ్లములను మోసికొనివచ్చు ఆర్. ఎన్. ఏ. ఊరకయుండును. ఎందుచేత? దానిలోని అక్షరములలో అనేకము స్వల్పముగా మార్పు చెందియున్నవి. ఈ సూచనను పట్టుకొని వారు వార్తాహర ఆర్. ఎన్. ఏ.లోని యూరిడిన్ స్థానములో సూడోయూరిడిన్ అను దానిని పెట్టి చూచినారు. రెండింటికి భేదము అల్పము. యూరిడిన్‌లో క్షారము చక్కెరకు నత్రజని ద్వారా అంటియుండును; సూడోయూరిడిన్‌లో కర్బనము ద్వారా అంటియుండును. అంతమాత్రముననే రోగనిరోధక కణములు శాంతించినవి. 2005లో ఈ ఫలితము ‘ఇమ్యూనిటీ’ పత్రికలో వచ్చినది. అంతకుముందు ‘నేచర్’ పత్రిక దీనిని త్రిప్పి పంపినది. మార్చిన ఆర్. ఎన్. ఏ. హెచ్చుగా ప్రోటీనును కూడ తయారుచేయునని 2008లో చూపినారు. 2020లో వచ్చిన ఫైజర్–బయోఎన్‌టెక్, మోడెర్నా టీకాలు రెండింటిలోను ఈ సూడోయూరిడిన్ సంతతికి చెందిన అక్షరమే వాడినారు.

ఈ భాగమును కారికో వ్రాసిన తీరు సామాన్య పాఠకునికి అందునట్లున్నది. ప్రయోగము విఫలమైనప్పుడు మొదట తన చేతిని, తరువాత తన ద్రావణములను, చివరకు మాత్రమే తన ఊహను అనుమానించు పద్ధతిని ఆమె వర్ణించుట ప్రయోగశాల నెరిగినవారికి పండుగ. కాని 2005 పిమ్మట ఏమైనది? పిలుపులు రాలేదు. స్థిరమైన అధ్యాపక శ్రేణికి తిరిగి చేర్చుకొనుమని అడిగినప్పుడు ఆ తరగతికి తగవన్నారని వ్రాసినది. 2013లో ఒకనాడు వచ్చి చూచుసరికి ఆమె ప్రయోగశాల సామానులు నడవలో పడియున్నవి. ఆ సంవత్సరమే ఆమె జర్మనీలోని మైన్జ్ నగరమున అప్పటికి పేరులేని బయోఎన్‌టెక్ సంస్థలో చేరినది. ఇక టీకాల పిమ్మట ఆ పేటెంటులవలన అదే విశ్వవిద్యాలయమునకు కోట్ల డాలర్లు వచ్చినవి. అద్దెకున్నవాడిని ఖాళీ చేయించి, అతడు పాతిన చెట్టు కాయలను కోసికొన్నట్లున్నది.

ఇప్పుడు సెల్యే సూత్రము వద్దకు వత్తము. చేతిలో లేనిదానికి వగవక పట్టుదలతో పనిచేసినచో గెలుపు తప్పదని ఈ పుస్తకమును సమీక్షించిన పలువురు సారాంశము తీసినారు. రచయిత్రి ఆ మాటను అంత మొరటుగా అనలేదు. అయినను అడ్డు చెప్పలేదు. లెక్క చూచినచో ఈ సారాంశము నిలువదు. ఆమె నిలిచినది పట్టుదలవలననే కాదు. ఆమెను చేర్చుకొన్న బార్నథన్‌కు వైద్యుడుగా స్థిరమైన పదవి యుండెను. అతడు 1997లో విశ్వవిద్యాలయమును విడిచిపోగా డేవిడ్ లాంగర్ అను యువవైద్యుడు నాడీశస్త్రచికిత్స విభాగములో పట్టుబట్టి ఆమెకు చోటు ఇప్పించినాడు. వైస్మన్‌కు తన గ్రాంటులు తనకు కలవు. ఇంటిలో భర్త సంపాదన కలదు. అనగా ఆమె ఊహను కాపాడినది ఉద్యోగభద్రత కలిగిన నలుగురి నీడ. ఆ నీడ దొరకక 1995లోనో 1996లోనో మూట కట్టుకొని పోయినవారి ఆత్మకథలు మనకు లేవు. గెలిచిన ఒక్కరి కథనుండి గెలుపునకు కారణము తీయుట, బ్రతికినవారిని మాత్రమే లెక్కించి మందు మంచిదనుట వంటిది. శాస్త్రజ్ఞురాలు గనుక ఈ దోషము ఆమెకే మొదట కనబడవలసినది.

దీనికి మారుగా మరియొక ఏర్పాటు కలదు. గ్రంథములో దాని ప్రసక్తి లేదు. 1947లో కేంబ్రిడ్జిలో మాక్స్ పెరూట్జ్‌కు జీతము నిలిచిపోవు స్థితి వచ్చినప్పుడు, కీలిన్ సలహాపై లారెన్స్ బ్రాగ్ బ్రిటిషు వైద్య పరిశోధన మండలిని అడిగి ఇద్దరు మనుషులతో ఒక చిన్న శాఖను పెట్టించినాడు. 1962లో సొంత భవనమునకు మారి అణుజీవశాస్త్ర ప్రయోగశాల అయినది ఆ శాఖయే. పెరూట్జ్ హీమోగ్లోబిన్‌ను 1937లో పట్టుకొన్నాడు. దాని రూపము 1959లో దొరికినది. ఇరువది రెండేండ్లు! అతడు చదరపు అడుగుల లెక్క చెప్పవలసియున్నచో 1945 నాటికే సామానులు నడవలో పడియుండెడివి. ఫ్రెడరిక్ సాంగర్‌కు ఆ మండలి 1951 నుండి జీతమిచ్చినది. అతడు 1958లోను, 1980లోను రెండు నోబెల్ బహుమతులు పొందినాడు. రెండవ దానికి కారణమైన డి. ఎన్. ఏ. వరుసను చదువు పద్ధతి 1977లో వచ్చినది. నడుమ అతడు ప్రచురించిన వ్యాసములు విశేషముగా లేవు. అటువంటి చోట్లు కొద్దియే యుండును, అందరికి దొరకవు, అన్నది నిజమే. అయినను డబ్బు మనిషికిచ్చుట, ప్రతిపాదనకిచ్చుట అను రెండు పద్ధతుల భేదము ఇంత స్పష్టముగా వేరెక్కడ కనబడదు.

అమెరికాలో జీవశాస్త్ర పరిశోధన ఎల్లకాలము పెరుగుచునే యుండునన్న నమ్మకము మీద కట్టబడినదని, పదవులకు మించి డాక్టరేటులను తయారుచేయుచున్నదని 2014లో బ్రూస్ ఆల్బర్ట్స్, మార్క్ కిర్ష్‌నర్, షర్లీ టిల్గ్‌మన్, హెరాల్డ్ వార్మస్ కలిసి వ్రాసినారు. వీరు ఆ వ్యవస్థలో ఉన్నత పదవులనుభవించినవారు. జాతీయ ఆరోగ్య సంస్థల నిధి 1998–2003 నడుమ రెండింతలై, పిమ్మట ఆగిపోయినప్పుడు, రెండింతలైన నాడు చేరిన యువకులు నడిమధ్యలో చిక్కుకొన్నారు. కారికో బాధలు వీటి వెనుకటివి. కాని ఆ చట్రము అదే. ఈ పెద్ద చిత్రమునకు రెండు పుటలు కేటాయించినను గ్రంథమునకు బలము వచ్చియుండెడిది.

మరియొక లోపము చెప్పవలసి యున్నది. విశ్వవిద్యాలయమను మాట పుస్తకమంతట వినబడును, విద్యార్థులు మాత్రము కనబడరు. ఇది రచయిత్రి దోషము కాదు, ఆమె ఉద్యోగపు రూపము. తరగతి గదిలో పాఠము చెప్పుటకు ఆమెకు ఎవరును డబ్బివ్వలేదు. ఆర్. ఎన్. ఏ.ను గూర్చి అంత తెలిసిన మనిషి ఇరువది నాలుగేండ్లు ఒక గొప్ప విద్యాపీఠములో నుండి, ఆ కళాశాల పిల్లలకు ప్రధానోపాధ్యాయురాలు కాకపోవుట ఎవరికి నష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

మన దేశమున చిక్కు తలక్రిందులుగా నున్నది. ఇక్కడ పరిశోధనను ప్రత్యేక సంస్థలకును, బోధనను విశ్వవిద్యాలయములకును పంచిపెట్టినాము. 1977లో హైదరాబాదున నెలకొన్న కణ, అణుజీవశాస్త్ర కేంద్రములో పరిశోధకునికి స్థిరమైన జీతము కలదు, బి. యస్సి. విద్యార్థి లేడు. విశ్వవిద్యాలయములో సహాయాచార్యునికి స్థిరమైన జీతము కలదు, విద్యార్థులు కలరు, 2018 నిబంధనల ప్రకారము వారమునకు పదునారు గంటల బోధన కలదు. సెంట్రిఫ్యూజి చెడినచో బాగుచేయించుటకు డబ్బు ఎక్కడనుండి వచ్చునో తెలియదు. ఈ రెండింటి నడుమ నున్నవారు పరిశోధక విద్యార్థులు. కేంద్ర ప్రభుత్వపు ఫెలోషిప్పు 2023 జనవరి 1 నుండి నెలకు 37,000 రూపాయలైనది. మొత్తము చెడ్డది కాదు. కాని ఐదేండ్లు ముగిసినంతనే వారికి కారికో పడిన పాట్లే మొదలగును, ఎలుగుబంటి బొమ్మలో కుట్టుటకు కారు కూడ లేకుండ.

ఇది చదువుచుండగా తెలుగువారికి యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తుకు రాక మానరు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ. టి. పి.ని 1929లోను వెలికితీసిన మనిషికి ఆ విశ్వవిద్యాలయము స్థిరమైన ఆచార్య పదవి నియ్యలేదు. 1940లో ఆయన లెడర్లే సంస్థకు పోయి, అక్కడ ఫోలిక్ ఆమ్లము, అమినోప్టెరిన్, బోదకాలికి వాడు డైఈథైల్ కార్బమజైన్ మొదలగు వాని పరిశోధనను నడిపినారు. మందుల సంస్థ ఇద్దరికిని నీడనిచ్చినది. సుబ్బారావుగారు ఆత్మకథ వ్రాయకయే 1948లో కన్నుమూసిరి. కారికో వ్రాసినది, అందుకైనను మనము ఆమెకు ఋణపడియున్నాము.

ఈ గ్రంథమును తెనిగింపబూనువారికి ఆర్. ఎన్. ఏ. పరిభాషతో చిక్కు రాదు. మన పాఠ్యగ్రంథములలో ఆ మాటలు కలవు. చిక్కు ఉద్యోగపు మాటలతో వచ్చును. స్థిరపదవికి పోవు దారి, గ్రాంటుపై నిలుచు జీతము, డాక్టరేటు పిమ్మటి పరిశోధకుడు, వీనికి మనకు స్థిరమైన పదములు లేవు. పైన నేను వాడినవి తాత్కాలికములు. అంతకంటె మంచివి తోచినవారు ఈ పత్రికకు వ్రాసి పంపినచో అనువాదకునికి ఉపయోగపడును.